రెండు నిమిషాల సముద్రం

వెంకటసుబ్బారావు నోరు మూసుకుని కూర్చోగా చూసిన మనిషి తార్నాకలో ఒక్కడంటే ఒక్కడు లేడు. పళ్ళ డాక్టరు నోరు తెరిచి ఉంచమంటే, ఆ తెరిచిన నోటితోనే కాలనీ నీళ్ళ సమస్య గురించి మాట్లాడిన ఘనుడాయన. యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, ఆ యూనివర్సిటీ రోడ్ల మీదే పొద్దున్నే నడిచేవాళ్ళ సంఘానికి ప్రెసిడెంటయ్యాడు. నడకకి సంఘమేమిటి, దానికి ప్రెసిడెంటేమిటి అని మీరడిగితే, మీది హైదరాబాదు కాదన్నమాట.

అదేం అల్లాటప్పా సంఘం కాదు. నడక పావుగంట, నవ్వు పావుగంట, మిగతాదంతా సన్మానాలు. ఎవరి మనవడికి ఇంజనీరింగు సీటొచ్చినా శాలువా, ఎవరికి మోకాలి ఆపరేషన్ జరిగినా శాలువా. వారాసిగూడ నుంచి కొత్తగా నడవడానికొచ్చిన ఒకాయనకి, వచ్చినందుకే కప్పారు. సంఘం కార్యదర్శి బాలరాజుకి తార్నాక చౌరస్తాలో ఫ్లెక్సీల షాపుంది. సంఘం వల్ల షాపు నడుస్తోందో, షాపు వల్ల సంఘం నడుస్తోందో ఎవరూ తేల్చలేదు.

వెంకటసుబ్బారావుకి ఇంకో విద్య ఉంది. ఎదుటివాడు మాట మొదలుపెడితే, రెండో సగం ఈయన అందుకుని పూర్తి చేసేస్తాడు. పాపం, అదో సాయమని ఆయన నమ్మకం. పెళ్ళయిన కొత్తలో భార్య సుధామయికి అది ముచ్చటగానే ఉండేది, నా మనసులో మాట ఎంత బాగా చెప్పేస్తున్నారో అని. ఆయన చెప్పేది తన మనసులో మాట కాదని తెలిసేసరికి అలవాటైపోయింది. అలవాటైనంత మాత్రాన బాగుందని కాదుగా.

ఒక పొద్దున ఆయన నడక నుంచి వచ్చేసరికి హాలు మధ్యలో పెట్టె సర్ది ఉంది.

"విశాలాక్షక్కయ్య దగ్గరికి నూజివీడు వెళ్తున్నానండీ," అంది సుధామయి.

"ఓ, మామిడిపళ్ళ రోజులు కదా. నాలుగు రోజులుండి..."

"రాను."

అది ఎంత చిన్న మాటంటే, మధ్యలో దూరడానికి ఆయనకి సందు దొరకలేదు. సోఫాలో కూలబడ్డాడు.

"మీకో మాట చెప్పాలని ఎన్నాళ్ళ నుంచో చూస్తున్నాను. ఒక్కటే మాట. చివరిదాకా చెప్పనివ్వరు. ఎవరూ లేని చోటికి వెళ్దాం, మనిద్దరమే, మూడు రోజులు. ఫోన్లు ఉండకూడదు. మీరు నోరు విప్పకుండా నా పక్కన కూర్చుని ఆ మాట వింటే నేను మీతో ఇంటికొస్తాను. లేదంటే ఈ పెట్టె నూజివీడు వెళ్తుంది, దాంతోపాటు నేనూ వెళ్తాను."

"అయ్యో, అంత దూరం ఎందుకు సుధా! ఇప్పుడే చెప్పు, వింటాను."

సుధామయి పైట చెంగు వేలికి చుట్టుకుంది. "నా చిన్నప్పుడు, నర్సాపురంలో ఉండగా, ఒకసారి సముద్రం దగ్గరికి..."

"సముద్రమా!" ఆయన ఎగిరి లేచాడు. "చెప్పవేం మరి! నర్సాపురం పిల్లవి, ఈ బండరాళ్ళ ఊళ్ళో ఇన్నేళ్ళు సముద్రం మీద బెంగ పెట్టుకున్నావన్నమాట. నాకు తెలీదూ!"

"అది కాదండీ, నేను..."

"ఖర్చు గురించి ఆలోచించకు. ఈసారి నా మాట వినాలంతే."

మధ్యాహ్నానికల్లా బాపట్ల అవతల ఎక్కడో, మనుషులెవరూ పోని చోట, ఒక రిసార్టులో తాటాకు కాటేజీ బుక్ చేసేశాడు. టీవీ ఉండదు, ఫోను సిగ్నలుండదు, కిటికీ తీస్తే సముద్రం. సుధామయి వద్దనలేదు. సరేననీ అనలేదు. ఆనందంతో మాట పెగల్లేదనుకున్నాడాయన.

ఎవరికీ చెప్పనని దేవుడి పటం ముందు ఒట్టు వేశాడు. మర్నాడు నవ్వుల క్లబ్బు నడిపే ప్రమీలమ్మకి మాత్రం చెప్పాడు. నడక ముగించి అందరూ రాగిజావ దగ్గరికి చేరేసరికి, ప్రెసిడెంటుగారి సముద్ర విహారం తెలియని మనిషి క్యాంపసులో లేడు.

"గిట్ల సప్పుడు చేయకుండ పోతమంటే ఎట్ల సార్?" అన్నాడు ఉపాధ్యక్షుడు పరుశురాం. ఈయన ప్లాట్ల వ్యాపారం చేస్తాడు, ప్రెసిడెంటు కుర్చీ మీద చాలాకాలంగా కన్నేసి ఉన్నాడు. ఆదివారం సంఘం ఎన్నికలు. "సన్మానం చేసి పంపుతం. మీరు కాదనొద్దు."

కాదనడం వెంకటసుబ్బారావుకి వస్తే కదా.

మర్నాటికి తార్నాకలో మెట్రో స్తంభం పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ లేచింది. వెనకాల నీలంగా సముద్రం, కొబ్బరిచెట్లు. ముందు వెంకటసుబ్బారావు రిటైర్మెంటు నాటి ఫొటో. పక్కన సుధామయి ఫొటో ఏదో పెళ్ళి ఆల్బంలోంచి కత్తిరించినది, భుజం మీద ఇంకెవరిదో చెయ్యి అలాగే ఉండిపోయింది. పైన ఇలా రాసి ఉంది: "సముద్ర తీరాన ఏకాంత విహారానికి బయలుదేరుతున్న మా ప్రియతమ అధ్యక్షులకు హార్దిక శుభాకాంక్షలు." ఏకాంతం అన్న మాట అంత పెద్ద అక్షరాల్లో తార్నాక అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

సభ క్యాంపసులో పాత పంపుహౌస్ దగ్గర జరిగింది. నవ్వుల క్లబ్బు రోజూ నవ్వేది అక్కడే. ఇద్దరికీ చెరో శాలువా కప్పారు, ఇత్తడి పడవ బహూకరించారు. దిష్టి తియ్యడానికి సీసాలో సముద్రపు నీళ్ళు తెమ్మంది ప్రమీలమ్మ. ఎండురొయ్యలు తెమ్మన్నవాళ్ళకి లెక్కలేదు. చివర్లో బాలరాజు సుధామయి ముందు మైకు పెట్టి, "మేడం, రెండు ముచ్చట్లు చెప్పుండ్రి," అన్నాడు.

సుధామయి మైకు అందుకోబోయింది. ఈలోగా ఆయనే అందుకున్నాడు.

"ఆవిడ చెప్పాలనుకున్నది ఏమిటంటే," అని మొదలుపెట్టి రాగిజావ చల్లారిపోయేదాకా మాట్లాడాడు. "మా ఆవిడకి సముద్రమంటే ప్రాణం!" అనగానే చప్పట్లు మోగిపోయాయి. సుధామయి శాలువా సర్దుకుని చెప్పులు వేసుకుంది.

సికింద్రాబాద్ స్టేషనులో బండి ఎక్కబోతుండగా రిసార్టువాడి ల్యాండ్‌లైను నుంచి ఫోనొచ్చింది.

"సార్, మీరు రాకండి. సముద్రం కాస్త ముందుకొచ్చిందండి."

"కాస్తంటే ఎంత?"

"వంటింట్లో ఉందండి."

"మరి మా కాటేజీ?"

"కనిపిస్తానే ఉందండి. కాపోతే వెళ్ళిపోతా ఉంది. మేవూ బయల్దేరిపోతన్నాం. సముద్రం వెనక్కెళ్ళాక మీకు తప్పకుండా కబురు చేస్తామండి."

వెంకటసుబ్బారావు పెట్టె మీద చతికిలబడ్డాడు. ఇప్పుడేం చెయ్యాలి? ఇంటికెలా వెళ్తాడు? శాలువా కప్పించుకున్నాడు, పడవ పుచ్చుకున్నాడు. మోకాలి ఆపరేషనుకి సన్మానం చేయించుకుని ఆపరేషను మానేసినవాణ్ణి సంఘంలో ఎవరైనా బతకనిస్తారా? పరుశురాంకి ఇంతకంటే ఏం కావాలి? ఇటు చూస్తే సుధామయి నూజివీడు వెళ్ళడానికి విజయవాడ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో బోర్డు చూస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది. డిపార్ట్‌మెంటు పాత మొక్కల తోట. అందులో రేకుల గది, పక్కన తాటాకు పందిరి. ఆ తోటని ఎప్పుడో వదిలేశారు. తాళంచెవి మాత్రం రిటైరైన రోజున ఇవ్వడం మరిచిపోయి ఇంకా ఆయన గుత్తిలోనే ఉంది.

"సుధా, ఎవరూ లేని చోటేగా నువ్వడిగింది? ఉంది. పద!"

సుధామయి ఏమనుకుందో, ఆయన ఫోను తీసుకుని, తనదీ తీసి, రెండూ ఆపేసి సంచిలో పడేసింది. "ఇక్కణ్ణుంచే లెక్క," అంది.

ఆటోలో ఆయన శాలువా నెత్తి మీంచి ముసుగేసుకున్నాడు. తార్నాక చౌరస్తాలో సిగ్నలు పడింది, సరిగ్గా ఫ్లెక్సీ కిందే. ఆటో అతను తల పైకెత్తి, "గీ ముసలాయనకు మస్తు నసీబున్నది సార్. పెండ్లాన్ని తీస్కొని సముద్రం కాడికి పోతున్నడంట," అన్నాడు. ఆ ముసలాయన నేనేనయ్యా అని గొంతుదాకా వచ్చింది. సుధామయి ఒక్క చూపు చూసింది. మింగేశాడు.

తోటలో నిజంగానే ఎవరూ లేరు. చుట్టూ నీలగిరి చెట్లు, పిచ్చి తుమ్మలు, గోడ మీద రెండు నెమళ్ళు. కుండీల కోసం ఎప్పుడో పోయించిన ఇసుక గుట్ట పందిరి పక్కన అలాగే పడి ఉంది. కుళాయి తిప్పితే కాసేపు దగ్గి నీళ్ళిచ్చింది. రైలు కోసం కట్టుకున్న పులిహోర ఉంది, గదికి కరెంటింకా తియ్యలేదు, కాఫీ కాచుకోవడానికి కెటిలుంది. గోడ అవతల ఏముందో మాత్రం ఆయన చెప్పలేదు. గోడ అవతల పాత పంపుహౌస్ ఉంది. సంఘానికి మరీ దూరంగా ఉండాలంటే ఆయనకి ఊపిరాడదు మరి.

మొదటి రోజు ఆయన మొక్కలతో మాట్లాడాడు. ఒక్కోదాన్నీ శాస్త్రీయ నామంతో పలకరించాడు. "వాటితోనూ వద్దు," అంది సుధామయి. రెండో రోజు పొద్దున్నే గోడ అవతల నలభై మంది ఒక్కసారిగా హహహా అని నవ్వారు. సుధామయి ఆయన వైపు తిరిగింది. ఆయన ఆకాశం వైపు తిరిగాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ ఇసుక గుట్ట మీద కూర్చున్నారు. నీలగిరి చెట్లు గాలికి ఊగుతున్నాయి.

"ఆ రోజు కార్తీక పౌర్ణమి," అని మొదలుపెట్టింది.

ఆయన షరతు తప్పలేదు. నోరు విప్పలేదు. కాని ఆవిడ కంటే ముందే ఆయన పెదవులు కదిలిపోతున్నాయి, తర్వాత ఏం మాట రావాలో ఆ మాటకి తగ్గట్టు. కార్తీక పౌర్ణమి అనగానే కళ్ళలో దీపాలు వెలిగించుకుని, తల ఊపుతూ, ఇంకేముంది, ఉపవాసం, దీపాలు, సముద్ర స్నానం, చెప్పు చెప్పు అన్నట్టు ఉంది మొహం. అలాంటి మొహానికి ఏం చెప్తాం? సుధామయి మాట ఆపేసింది. ఆ రాత్రి కూడా పెట్టె తెరవలేదు, సంచిలోని చీరతోనే సరిపెట్టుకుంది. ఆ తెరవని పెట్టె చూస్తే ఆయనకి ఏడుపొచ్చింది. నేనేం చేశాను, మాట్లాడలేదుగా అనుకున్నాడు.

మూడో రోజు పొద్దున గోడ అవతల నవ్వు వినిపించలేదు.

"హలో, హలో, మైక్ టెస్టింగ్," అని బాలరాజు గొంతు వినిపించింది.

ఇద్దరూ గోడ దగ్గరికి వెళ్ళారు. అక్కడ రాళ్ళు ఊడి మనిషి పట్టేంత కంత ఉంది, ముందు గోరింట పొద అడ్డంగా పెరిగింది. ఆకుల సందులోంచి చూశారు. అదే ఫ్లెక్సీని చౌరస్తాలోంచి పీకి తెచ్చి కట్టారు. సముద్రం అదే, కొబ్బరిచెట్లు అవే, సుధామయి భుజం మీద ఆ చెయ్యి కూడా అదే. పైన మాత్రం కొత్త ముక్క అతికించారు. "అశ్రునివాళి." కింద కుర్చీలో బంతిపూల దండలు రెండు సిద్ధంగా ఉన్నాయి.

వెంకటసుబ్బారావు కళ్ళు నులుముకుని ఇంకోసారి చదివాడు.

"దోస్తులారా," అన్నాడు పరుశురాం మైకులో. "టీవీల అందరం సూసినం. గా రిసార్టుల గుడిసెలన్నిటిని సముద్రం గుంజుకపోయింది. సార్ ఫోను బంద్, మేడం ఫోను బంద్, రిసార్టోని ఫోను గూడ బంద్. మన ప్రెసిడెంటు సారు మనకు లేరు."

"జర ఆగుదాం అన్నా," అంది ప్రమీలమ్మ. కళ్ళు తుడుచుకుంటోంది. "ఇంకా ఏం ఖబర్ రాలే గదా."

"ఆగుదమంటే ఎట్లక్కా? ఆదివారం ఎలక్షన్ ఉన్నది."

వెంకటసుబ్బారావు కంతలోకి దూరబోయాడు. సుధామయి ఆయన చెయ్యి పట్టుకుంది. పెదవుల మీద వేలు పెట్టి, మూడో రోజింకా అవలేదు అన్నట్టు చూసింది.

ఇంతకంటే పెద్ద పరీక్ష ఏ మగాడికీ రాకూడదు. అవతల పరుశురాం ఆయన జీవిత చరిత్ర చెప్తున్నాడు. "సార్‌ది గుంటూరు జిల్లా," అన్నాడు. కాదు, పశ్చిమగోదావరి! "గీ పంపుహౌస్ కాడి బెంచీలు నేను ఏపిస్తుంటే సారు గూడ పక్కన నిలబడ్డరు." ఆ బెంచీల కోసం వైస్ ఛాన్సలరు ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగింది ఎవరికిరా! "సారు జర ఎక్కువ మాట్లాడుతరు గని, మనసు మంచిది." ఆయన శాలువా చెంగు నోట్లో కుక్కుకున్నాడు. పళ్ళతో గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. అయినా కిక్కురుమనలేదు.

"ఇప్పుడు అందరం లేసి, ఇద్దరి ఆత్మకు శాంతి కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దం," అన్నాడు పరుశురాం, సెల్లులో అలారం పెడుతూ.

అందరూ లేచారు. తలలు దించారు. రాగిజావ బండి దగ్గర స్టీలు గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. నడక సంఘం పుట్టి ఇన్నేళ్ళలో అంతమంది ఒకే చోట చేరి నోరు మూసుకోవడం అదే మొదలు. నీలగిరి ఆకుల్లో గాలి మాత్రం వినిపిస్తోంది, ఎక్కణ్ణుంచో వచ్చి ఎటో వెళ్ళి మళ్ళీ వస్తూ.

ఆ నిశ్శబ్దంలో సుధామయి ఆయన చెవి దగ్గర మెల్లగా అంది.

"నాకు సముద్రమంటే భయమండీ."

ఆయన ఆవిడ వైపు తిరగబోయాడు. "ఇటు తిరక్కండి. అటే చూస్తూ వినండి. మీ మొహం చూస్తే చెప్పలేను. కార్తీక పౌర్ణమికి పేరుపాలెం వెళ్ళాం, సముద్ర స్నానానికి. మా తమ్ముడు ఆత్రేయకి నాలుగేళ్ళు. వాడి చెయ్యి పట్టుకోమని అమ్మ నాకప్పజెప్పింది. పట్టుకునే ఉన్నాను. అల వచ్చింది, వెళ్ళింది. నా చేతిలో చెయ్యి లేదు."

శాలువా ఆయన నోట్లోంచి జారిపోయింది. నోరు తెరుచుకునే ఉంది. అందులోంచి ఏమీ రాలేదు.

"పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు వాడి ఫొటో చూసి ఎవరని అడిగారు. మా తమ్ముడు, చిన్నప్పుడే... అన్నాను. కామెర్లా, అయ్యో పాపం అన్నారు మీరు. పెద్దవాళ్ళెవరూ కాదనలేదు. అప్పట్నుంచీ వాడు కామెర్లతోనే పోయాడు."

నిజమే. ఎంతమందికి చెప్పాడు! మా బావమరిది కామెర్లతో పోయాడండీ, పసరు వైద్యం నమ్ముకుని పాడు చేశారండీ అని, క్లాసులో పిల్లలకి కూడా పాఠం మధ్యలో చెప్పాడు. ఎవరికైనా కామెర్లొస్తే చాలు, చచ్చిపోయిన ఆ పిల్లవాణ్ణి ఉదాహరణగా లాక్కొచ్చేవాడు. సుధామయి కాఫీ తెచ్చిపెడుతూ అవన్నీ వినేది.

"మరి సముద్రం దగ్గరికి ఎందుకొస్తానన్నావు?" అని అడగాలనిపించింది. అడగలేదు. ఆవిడే చెప్పింది.

"అక్కడైతే వినేవాళ్ళెవరూ ఉండరు, మీరు మాట్లాడరనుకున్నాను. అందుకని భయమైనా బయల్దేరాను."

అలారం మోగింది. ఏదో పెళ్ళి బ్యాండు పాట. పరుశురాం కంగారుగా దాన్ని నొక్కేసి గొంతు సవరించుకున్నాడు.

"మేడంకు సముద్రమంటే పానం. మొన్న గీడనే సారే చెప్పిండ్రు. గందుకే గా సముద్రమే ఆమెను..."

సుధామయి ఆయన చెయ్యి వదిలేసి, గోరింట పొద తోసుకుని, కంతలోంచి అవతలికి నడిచింది.

"అబద్ధం," అంది.

ఆ తర్వాత జరిగిన గొడవ మీరే ఊహించుకోండి. ప్రమీలమ్మ కెవ్వుమని అరిచి, పరుగెత్తుకొచ్చి సుధామయిని వాటేసుకుని, నిజం మనిషేనా అని బుగ్గలు తడిమి చూసింది. వారాసిగూడ ఆయన పరుగు లంకించుకున్నాడు. బాలరాజు ఫ్లెక్సీ మీద అతికించిన ముక్కని గోటితో గీకి, ఊడుతుందో లేదో చూశాడు. ఇంతలో పొదలోంచి ఎండుటాకులు దులుపుకుంటూ వెంకటసుబ్బారావు కూడా వచ్చేసరికి, పరుశురాం మొహంలో ఆదివారం ఎలక్షను ఆరిపోయింది. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? రెండు చేతులతో మైకు ఆయన ముందు పెట్టాడు.

"సార్, ఏందిది సార్? అసలేమైందో మీరే చెప్పుండ్రి."

ఆయన మైకు అందుకున్నాడు. చేతికి ఎంత హాయిగా ఉందో. సముద్రం వంటింట్లోకి రావడం దగ్గర్నుంచి చెప్పుకోవడానికి ఎంతుంది! బెంచీల సంగతి ఉంది, గుంటూరు జిల్లా సంగతి ఉంది. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఆయన సుధామయి వైపు చూశాడు.

మైకు ఆవిడ చేతిలో పెట్టి, వెళ్ళి జనంలో కింద కూర్చున్నాడు.

సుధామయి మైకు రెండు చేతులతో పట్టుకుంది. కాస్త దూరంగా పెట్టుకోవాలని తెలీదు, మొదటి మాట చెవులు బద్దలయ్యేట్టు వచ్చింది. "మా తమ్ముడి పేరు ఆత్రేయ," అంది. "వాడు కామెర్లతో పోలేదు." అని కార్తీక పౌర్ణమి సంగతి చెప్పింది. అమ్మ అప్పజెప్పడం చెప్పింది. వాడు పెట్టుకున్న ఎర్ర టోపీ గురించి కూడా చెప్పింది. అది వెంకటసుబ్బారావుకీ తెలియదు.

"వాడి చెయ్యి నా చేతిలోనే ఉంది. ఇంతలో ఒక అల..." అని ఆగిపోయింది.

జనమంతా ఒక్కసారిగా వెంకటసుబ్బారావు వైపు తిరిగారు, ఎప్పటిలాగే ఆయన అందుకుంటాడని. "చెప్పుండ్రి సార్," అని పక్కనుంచి బాలరాజు మోచేత్తో పొడిచాడు కూడా.

ఆ మిగతా సగం ఆయనకి తెలుసు. అక్షరం పొల్లుపోకుండా తెలుసు. ఆయన నోరు మూసుకుని కూర్చున్నాడు.

సుధామయి ఊపిరి తీసుకుని, తనే పూర్తి చేసింది.